చిన్న పెట్టె – పెద్ద వేడి: డెస్క్‌టాప్ కంప్యూటర్ కేసుల శీతలీకరణ చరిత్ర (1980–2019)

వ్యాససంగ్రహం:
డెస్క్‌టాప్ కంప్యూటర్ కేసు పరిమాణం, శబ్దం, వేడి అనే మూడు అంశాల మధ్య నాలుగు దశాబ్దాలుగా సాగిన సర్దుబాట్లను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యాపిల్ సంస్థ యంత్రాలను ప్రధాన ఆధారంగా, ఇంటెల్ రూపొందించిన బీటీఎక్స్ ప్రమాణాన్ని పోలికగా తీసుకొని, కేసు ఆకృతి రాబోయే యంత్రాల వేడిని గురించిన ఒక అంచనా అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శీతలీకరణ, గాలి ప్రసరణ, సంవహనం, ఫ్యాన్, హీట్ సింక్, కేసు.

1. ఉపోద్ఘాతం:
కంప్యూటర్ చరిత్ర అనగానే ప్రాసెసర్ వేగం, మెమరీ, సాఫ్ట్‌వేర్ ప్రస్తావనకు వస్తాయి. వాటిని మోసే పెట్టె అలంకారంగానే మిగిలిపోతుంది. కాని కంప్యూటర్ తీసుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోయే దారిని నిర్ణయించేది పెట్టే. ఒక యంత్రం ఎంతకాలం మన్నుతుంది, దానిలో కొత్త భాగాలకు చోటుంటుందా అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు అక్కడే ఉంది.

2. భౌతిక నియమాలు:
100 వాట్ల వేడిని, గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరగకుండా బయటికి పంపాలంటే సెకనుకు సుమారు 8 లీటర్ల గాలి పెట్టెగుండా ప్రవహించాలి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సగానికి తగ్గిస్తే ఉపరితలం నాలుగో వంతుకు, ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతాయి. లోపలి భాగాలు మారకపోతే వాటి వేడి మాత్రం తగ్గదు. చిన్న పెట్టెలో చిన్న ఫ్యానే పడుతుంది. అంతే గాలిని పంపడానికి అది మరింత వేగంగా తిరగాలి. ఒకే ఫ్యాన్ వేగాన్ని రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది, కాని దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అందువల్ల పరిమాణం, నిశ్శబ్దం, శక్తి ఈ మూడింటిలో రెండింటిని కోరుకున్నవారు మూడోదానిలో కొంత వదులుకోక తప్పదు.

3. ఫ్యాన్ లేని తొలి యంత్రాలు:
1980లో వెలువడిన యాపిల్ 3లో ఫ్యాన్‌గాని, గాలి రంధ్రాలుగాని లేవు. స్టీవ్ జాబ్స్ పట్టుదలే అందుకు కారణం. పోతపోసిన అల్యూమినియం అడుగుభాగమే హీట్ సింక్‌గా పనిచేయాలన్నది ఆలోచన. తొలి యంత్రాలలో చిప్పులు సాకెట్లనుండి వదులై లేచివచ్చాయి. యంత్రాన్ని కొన్ని అంగుళాలు పైకెత్తి వదిలితే చిప్పులు తిరిగి కుదురుకుంటాయని వినియోగదారులకు సలహా ఇచ్చిన ఉదంతం ప్రసిద్ధం. అయితే వైఫల్యానికి వేడి ఒక్కటే కారణమన్న వాదన నిర్వివాదం కాదు. పెట్టె వేడిని తగినంతగా వెలువరించిందనీ, సన్నని తీగమార్గాలతో ఇరుకుగా రూపొందించిన సర్క్యూట్ బోర్డే అసలు లోపమనీ కేసు రూపకర్త జెర్రీ మానోక్ వాదించాడు.

1984 నాటి మెకింటాష్‌లోనూ ఫ్యాన్ లేదు. కాని ఇక్కడ పెట్టె పైభాగంలో రంధ్రాలున్నాయి. వేడెక్కిన గాలి తేలికై పొగగొట్టంలో వలె పైకి వెళ్లగా, కిందినుండి చల్లని గాలి చేరుతుంది. ఇదే సహజ సంవహనం. పిక్చర్ ట్యూబ్, పవర్ సప్లై ఒకే పెట్టెలో ఉండటంతో వేడి సమస్య కొనసాగింది. ఇతర సంస్థలు పైన అమర్చుకొనే ఫ్యాన్లను విక్రయించాయి. 1987లో మెకింటాష్ ఎస్ఈతో ఆ శ్రేణిలోకి ఫ్యాన్ వచ్చింది.

4. ఘనాకృతి ప్రయోగం:
2000 జులైలో ప్రకటించిన పవర్ మ్యాక్ జీ4 క్యూబ్ అదే సంవహన సూత్రాన్ని తిరిగి స్వీకరించింది. పారదర్శకమైన ఆక్రిలిక్ తొడుగులో సుమారు 8 అంగుళాల ఘనం, అడుగునుండి గాలి, పైన జాలీ, నడుమ నిలువు హీట్ సింక్. పవర్ సప్లైని బయట ఉంచి కొంత వేడిని పెట్టెనుండి తప్పించారు. కాని చదునైన పైభాగం కాగితాలు పెట్టుకోవడానికి అనువుగా కనబడుతుంది. అలా పెడితే గాలి దారి మూసుకుపోతుంది. రూపం ఆహ్వానించిన అలవాటునే శీతలీకరణ నిషేధించిందన్నమాట. ధర 1,799 డాలర్లనుండి మొదలు కావడం, ఆక్రిలిక్‌పై గీతలు కనబడటం కూడా అమ్మకాలను దెబ్బతీశాయి. 2001 జులైలో ఉత్పత్తి నిలిచిపోయింది.

5. ప్రమాణాల దారి:
ఇంటెల్ మరో మార్గం అనుసరించింది. పెంటియం 4 ప్రాసెసర్ల వేడి 100 వాట్లు దాటుతున్న దశలో, 2003లో ప్రకటించిన బీటీఎక్స్ ప్రమాణం ప్రాసెసర్‌ను పెట్టె ముందువైపుకు తెచ్చి, బయటి చల్లని గాలి నేరుగా దానిపైకి వచ్చేలా అమరికను మార్చింది. శీతలీకరణ దృష్ట్యా ఇది సమంజసమైన ఆలోచనే. కాని 2006లో కోర్ 2 ప్రాసెసర్లు తక్కువ వేడితో రావడంతో పాత అమరికను వదులుకోవలసిన అవసరం సన్నగిల్లింది. ఆ ఏడాదే ఇంటెల్ బీటీఎక్స్‌నుండి వెనక్కి మళ్లింది. వేడి పెరుగుతూనే ఉంటుందన్న అంచనా ఇక్కడ తప్పింది.

6. స్తూపాకార మ్యాక్ ప్రో:
2013 మ్యాక్ ప్రో సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తుగల స్తూపం. నడుమ త్రిభుజాకార లోహపు గొట్టం, దాని ఒక ముఖానికి ప్రాసెసర్, మిగిలిన రెండింటికి గ్రాఫిక్స్ కార్డులు, పైన ఒకే ఫ్యాన్. మూడు ముఖాలూ వేడిని పంచుకుంటాయన్నది దీని మూలసూత్రం. కాని గ్రాఫిక్స్ రంగం రెండు మధ్యస్థాయి కార్డులకంటే ఒకే శక్తివంతమైన కార్డువైపు మొగ్గింది. అంత వేడిని ఒకే ముఖం మోయలేదు. ఆ ఆకృతి తమను ఇరుకున పెట్టిందని 2017 ఏప్రిల్‌లో యాపిల్ అధికారులే పాత్రికేయులవద్ద అంగీకరించారు. 2019 నమూనా ముందువైపు మూడు పెద్ద ఫ్యాన్లతో తిరిగి టవర్ రూపానికి వచ్చింది.

7. ముగింపు:
క్యూబ్, బీటీఎక్స్, స్తూపాకార మ్యాక్ ప్రో మూడూ తమ కాలపు భాగాలను చల్లబరచగలిగాయి. దెబ్బతిన్నది భవిష్యత్తును గురించిన అంచనా. విశాలమైన పెట్టెలోని ఖాళీ వృథాగా కనిపించినా, అంచనా తప్పినప్పుడు ఆదుకొనేది అదే. ఈ విషయం వాతావరణంతోనూ ముడిపడి ఉంది. 2013 మ్యాక్ ప్రోకు నిర్దేశించిన పరిసర ఉష్ణోగ్రత గరిష్ఠంగా 35 డిగ్రీలు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో, ఏసీ లేని గదిలో ఇటువంటి యంత్రం తన పరిమితిని పని మొదలుకాకముందే చేరుకోవచ్చు. లోపలికి వచ్చే గాలే వేడిగా ఉన్నప్పుడు ఇరుకైన పెట్టెకు మిగిలే వెసులుబాటు చాలా స్వల్పం. కాబట్టి కేసు చరిత్రను అభిరుచుల చరిత్రగా చదివితే సరిపోదు. ఎవరి గదిని, ఏ వాతావరణాన్ని ఊహించుకొని ఆ పెట్టెను రూపొందించారన్న ప్రశ్నతో కలిపి చదవవలసి ఉంటుంది.