నరసింహారెడ్డి పాట ఎవరిది?

ఈ ఎపిసోడ్ అహోబిలం నుంచి. దిగువ అహోబిలం గుడి బయట కూర్చుని మాట్లాడుతున్నా, మధ్యలో గంటలు వినబడితే ఏమనుకోవద్దు.

పోయినేడాది ఇక్కడికి వచ్చినప్పుడు ఒక పెద్దాయన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట పాడినారు. చేతిలో తంబుర, అంతే. ఫోన్లో తీసి వీడియో పెట్టినాం. రెండో రోజే మెసేజ్ వచ్చింది: ఈ పాట హక్కులు ఫలానా ఆడియో కంపెనీవి, యాడ్స్ మీద వచ్చే డబ్బు వాళ్లకే పోతుంది అని. పెద్దాయనకు ఫోన్ చేసి చెప్తే ఆయన అడిగింది ఒకటే మాట. "నేను మా నాయన దగ్గర నేర్చుకున్న పాట అబ్బీ. ఆ కంపెనోళ్లు మా నాయనకు ఏమవుతారు?"

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే 1846కి పోవాల. ఇక్కడి నుంచి ఆళ్లగడ్డ మీదుగా పడమరకు పోతే ఉయ్యాలవాడ, ఆ తర్వాత కోయిలకుంట్ల. ఈ నేలను రేనాడు అంటారు. 1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినాడు. కంపెనీ పాలెగాళ్ల అధికారం తీసేసి, నెలకు ఇంత అని భరణం కట్టింది. నరసింహారెడ్డి కుటుంబానికి వచ్చింది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఊరి కాపలా కాసే కట్టుబడి వాళ్ల మాన్యాల మీద కూడా కంపెనీ చెయ్యి పడింది. భరణం కోసం పోయిన మనిషిని తహసీల్దారు అవమానించి పంపినాడని జనం చెప్పుకుంటారు. 1846 జూలైలో నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. అక్టోబరులో ఆయన దొరికిపోయినాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసినారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా అట్లే ఉంచినారు.

ముప్పై ఏళ్లు! ఎందుకంటే అది కూడా మీడియానే. చదువు రానోడికి కూడా అర్థమయ్యే పోస్టర్. "ఎదురు తిరిగితే ఇదే గతి" అని దారిన పోయే ప్రతి మనిషికీ చెప్పడం. కాగితాల మీద కంపెనీ మోపిన నేరాలు రాజద్రోహం, హత్య, దోపిడీ. ఆ కాగితాలు మాత్రమే మిగిలుంటే మనకు ఈరోజు ఆయన ఒక దోపిడీ దొంగ.

కానీ ఊర్లలో ఇంకో మీడియా నడుస్తా ఉండింది. పాట. తల గుమ్మానికి వేలాడుతున్న ఊర్లోనే జనం ఆయన్ని వీరుణ్ణి చేసి పాడుకున్నారు. తెలుగు వీరగాథల మీద పరిశోధన చేసిన తంగిరాల వెంకట సుబ్బారావు లాంటి వాళ్ల వల్ల అట్లాంటి పాటలు పుస్తకాల్లోకి ఎక్కినాయి.

మూడోది సినిమా. 2019 అక్టోబరు 2న 'సైరా నరసింహారెడ్డి' వచ్చింది. పేరులోని 'సై' కూడా ఆ పాటల్లోదే. సినిమాలో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు ఈయన కథ చెప్తుంది, అంటే 1857కి స్ఫూర్తి ఈయనే అన్నట్టు. నేను కూడా థియేటర్లో విజిల్ వేసినోణ్ణే. కాకపోతే బయటికి వచ్చినాక గుర్తుండేది కత్తి, గుర్రం. 11 రూపాయల భరణం, కట్టుబడుల మాన్యాలు మర్చిపోతాం. యుద్ధం ఎందుకు వచ్చిందో పోయి, ఎట్లా జరిగిందో మాత్రమే మిగులుతుంది. కంపెనీ కాగితం ఆయన్ని తగ్గించి చూపింది, సినిమా పెంచి చూపింది. పాట కూడా పెంచేదే, కానీ దాన్ని ఎవరూ అమ్ముకోలేదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట రాసినోళ్ల హక్కు వాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ఎవరు కట్టినారో తెలియని పాతకాలపు జానపదం అందరిదీ. కంపెనీ దానికి కొత్త మ్యూజిక్ కట్టి రికార్డు చేస్తే, ఆ కొత్త మ్యూజిక్, ఆ రికార్డింగ్ మాత్రమే వాళ్లవి. పాట కాదు.

మరి క్లెయిమ్ ఎట్లా వచ్చింది? నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసినోణ్ణి కాబట్టి సింపుల్‌గా చెప్తా. సిస్టమ్ ప్రతి ఆడియోకు ఒక వేలిముద్ర లాంటిది తయారు చేసి, తన దగ్గరున్న వాటితో పోల్చి చూస్తుంది. పోలిక కనబడితే, ముందు రిజిస్టర్ చేసినోళ్లకు ఇచ్చేస్తుంది. ఎవరి నాయన ఎవరికి నేర్పినాడో దానికి తెలీదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. అదే చట్టంలో పాడేవాళ్లకు కూడా హక్కుంది. పెద్దాయన పాడిన ఆ పాడటం మీద ఆయనకు 50 ఏళ్ల హక్కు. అంటే కంపెనీకే కాదు, వీడియో తీసిన నాకు కూడా ఆయన్ని అడగాల్సిన బాధ్యత ఉంది. నిజం చెప్తున్నా, మొదటిసారి నేను అడగలేదు. డిస్క్రిప్షన్‌లో నా ఛానెల్ పేరు పెట్టినా, ఆయన పేరు పెట్టలేదు. కంపెనీ మీద కోపం వచ్చింది గానీ, నేను చేసింది కూడా కొంచెం అదే.

అన్నమయ్య అహోబిల మఠంలో శఠకోప యతి దగ్గర చదువుకున్నాడని చెప్తారు. ఆయన పాటలు రాగిరేకుల మీదికి ఎక్కినాయి. రేనాటి పాటకు రాగిరేకు లేదు, గొంతు ఒక్కటే ఉంది.

మేం అభ్యంతరం పెడితే కొన్ని వారాలకు క్లెయిమ్ తీసేసినారు. ఈరోజు మళ్లీ పెద్దాయన దగ్గరికే వచ్చినా. ఈసారి ముందు అడిగినా. వీడియో కింద ఆయన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తేదీ, అన్నీ ఉంటాయి, వచ్చే డబ్బు ఆయనకే. మీ ఊర్లో ఇట్లా పాడేవాళ్లుంటే ఫోన్ తీయండి. రికార్డ్ నొక్కే ముందు మాత్రం ఒక్క మాట అడగండి.