పదమూడేళ్లకే ఫస్ట్ జాబ్

మనకి ఫస్ట్ జాబ్ అంటే బీటెక్ అయ్యాకే కదా! 1932లో పారిస్‌లో ఇరీనా బరోనోవా, తమారా తుమనోవాలకి పదమూడేళ్లకే వచ్చేసింది. రష్యా విప్లవం తర్వాత దేశం వదిలొచ్చిన కుటుంబాలు వాళ్లవి. తుమనోవా అయితే దారిలో రైల్లోనే పుట్టింది. టీచర్ ఓల్గా ప్రెయోబ్రజెన్‌స్కా ఒకప్పుడు జార్ చక్రవర్తి థియేటర్లో పెద్ద స్టార్, అప్పటికి పారిస్‌లో పాఠాలు చెప్తుండేది. కొత్త బ్యాలే కంపెనీకి డాన్సర్లను వెతుకుతూ జార్జ్ బాలంచిన్ ఆమె దగ్గరే వీళ్లని పట్టుకున్నాడు. కొంచెం పెద్దదైన తాతియానా ర్యాబుషిన్‌స్కాతో కలిపి ముగ్గురికీ 'బేబీ బాలెరీనాలు' అని పేరొచ్చింది.

1933 డిసెంబర్‌లో న్యూయార్క్, తర్వాత అమెరికా అంతా రైళ్లలో టూర్లు, వెంట అమ్మలు. ఆ వయసులో అంత తిప్పడం నాకైతే నచ్చదు. కానీ ఉన్నదంతా పోగొట్టుకొచ్చిన ఇంటికి ఆ జీతం చిన్నదేం కాదు.

అన్నట్టు, వీళ్లని సెలెక్ట్ చేసిన బాలంచిన్‌కే అక్కడ రెండో ఏడాది చోటు లేదు. ఆ సీట్లోకి మాసీన్ వచ్చాడు.