దంతముల పక్షి - పొదుపు కత్తెర

పొదుపు మాట వచ్చినప్పుడు ప్రభుత్వాల దృష్టి ముందుగా పడేది తక్షణ ఫలం కనిపించని శాస్త్రశాఖలపైననే. అమెరికా భూగర్భ పరిశోధన శాఖ చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

ఆ శాఖను 1879లో అమెరికా కాంగ్రెసు నెలకొల్పినది. 1881లో జాన్ వెస్లీ పవెల్ దానికి అధిపతి అయినాడు. అంతర్యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకొనియు, 1869లో కొలరాడో నదీ కుహరాలను పడవలపై శోధించిన సాహసి ఆయన. పశ్చిమ ప్రాంతంలో వర్షం స్వల్పం. ఉన్న నీటిని కొలిచిన పిమ్మటనే అక్కడి భూములను పంచవలెనని ఆయన వాదం. 1888లో నీటిపారుదల సర్వేను కాంగ్రెసు ఆయనకే అప్పగించినది. అయితే కొలతలు పూర్తియగువరకు భూముల పంపకం ఆగిపోవుటతో పశ్చిమ రాష్ట్రాల సెనేటర్లు ఆగ్రహించినారు. 1890లో ఆ సర్వేకు నిధులు నిలిచిపోయినవి.

1892లో రెండవ దెబ్బ తగిలినది. యేల్ ఆచార్యుడు మార్ష్ రచించిన ఒక గ్రంథం ప్రభుత్వ ధనంతో అచ్చయినది. దంతాలుగల ప్రాచీన పక్షులే దాని విషయం. అలబామా ప్రతినిధి హెర్బర్టు ఆ పుస్తకాన్ని ఎత్తిచూపి, ప్రజాధనం ఇట్టి వానికా అని ఆక్షేపించినాడు. ప్రజాధనానికి లెక్క అడుగుట శాసనకర్తల ధర్మమే. కాని ఆ పక్షులను గూర్చిన మార్ష్ కృషి పరిణామ సిద్ధాంతానికి గొప్ప ఆధారమని డార్విన్ 1880లోనే ఆయనకు వ్రాసియున్నాడు! శిలాజ విభాగపు నిధులు తెగినవి. వెంటనే రాజీనామా పంపుమని మార్ష్‌కు పవెల్ తంతి ఇవ్వవలసి వచ్చినది. మరికొందరు శాస్త్రజ్ఞులకును ఉద్యోగాలు పోయినవి. 1894లో పవెల్ కూడ తప్పుకొన్నాడు.

తరువాత వచ్చిన వాల్కాట్ స్వయంగా శిలాజ శాస్త్రజ్ఞుడు. గనులకు, పరిశ్రమలకు ఉపకరించే పనిని ముందుంచి, కాంగ్రెసు విశ్వాసాన్ని క్రమంగా సంపాదించి, శాఖను పునర్నిర్మించినాడు. 1902లో కాంగ్రెసే నీటిపారుదల చట్టం చేసినది. ఆ నిర్మాణ విభాగం మొదట ఈ శాఖలోనే వెలసినది. దాని ప్రధాన ఇంజనీరు ఫ్రెడరిక్ న్యూయెల్. 1888లో పవెల్ చేర్చుకొన్న యువకుడే.

అనగా, త్రోసివేసిన పనికి పన్నెండేండ్ల పిమ్మట మరల అవసరం కలిగినది. అది తెలిసినవాడు ఒకడైనను శాఖలో మిగిలియుండుట అదృష్టం. తెగిన నిధులను మరల మంజూరు చేయవచ్చును, భవనాలను మరల కట్టవచ్చును. కాని కొలవక విడిచిన ఒక సంవత్సరపు నదీప్రవాహాన్ని తరువాత ఎంత ధనం పోసినను కొలువజాలము. పొదుపు కత్తెర పట్టినవారు ముందుగా లెక్కింపవలసిన నష్టం అదియే.