చుట్టింటి అటక ఎందుకు కట్టారో తెలుసా?



మన శ్రీకాకుళం, విజయనగరం తీరం ఊళ్లలో ఒకప్పుడు చుట్టిళ్లు చాలా ఉండేవి కదా. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా దిగిన తాటాకు కప్పు. లోపలి గదికి దూలాలు వేసి, పైన మట్టి మెత్తి అటక కట్టేవారు. సామాన్లకే అనుకుంటాం గానీ, ఆ మట్టీ, దానికీ కప్పుకీ మధ్యనున్న గాలీ ఎండ వేడిని కిందికి దిగనిచ్చేవి కావు. కప్పు అంటుకున్నా నిప్పుకి ఆ మట్టే అడ్డం.

నిప్పుకీ తుఫాన్లకీ భయపడి శ్లాబుకి, రేకుకి మారాం. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూశాక మళ్లీ తాటాకు వేసుకోమని ఎవరం చెప్పగలం? మారడం తప్పు కాదు, అటకని మరిచిపోవడమే తప్పు. శ్లాబు పగలంతా వేడి పీల్చి రాత్రంతా ఇంట్లోకి వదుల్తాది. ముసలోళ్లకి నిద్రుండదు, కరెంటు బిల్లు తగ్గదు.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అంటే ఎండని తిప్పికొట్టే కప్పులు. మనకి సున్నం కొత్తా? వేసవి ముదరకముందే శ్లాబు కడిగి రెండు పూతలు వెయ్యండి. రేకుల ఇల్లయితే కింద జానెడు ఖాళీ వదిలి సీలింగు కట్టండి. ఏసీ గదికైతే తలుపు, కిటికీ సందులు మూయండి.

మీ ఊళ్లో చుట్టిల్లు మిగిలుంటే ఓసారి అటకెక్కి చూడండి. ఆ మట్టి మందంలోనే మన పెద్దల లెక్క ఉంది.