ఉన్ని కడిగే యంత్రం

ఉన్ని కడిగే యంత్రం అనగా గొర్రెల నుండి కత్తిరించిన ముడి ఉన్నిలోని జిడ్డును, చెమట లవణాలను, మట్టిని తొలగించే పారిశ్రామిక యంత్రం. ఈ ప్రక్రియను వస్త్ర పరిశ్రమలో స్కౌరింగ్ అంటారు. నూలు వడకడం, బట్ట నేయడం యంత్రాలకు అలవడిన చాలాకాలానికి, అంటే 19వ శతాబ్దపు మధ్యభాగంలో గాని, ఉన్ని కడిగే పని యంత్రాల పరం కాలేదు.

ముడి ఉన్ని స్వభావం

మెరినో వంటి సన్నని ఉన్ని జాతులలో ముడి ఉన్ని బరువులో సుమారు 10 నుండి 25 శాతం వరకు జిడ్డే ఉంటుంది. మట్టి, చెమట కూడా పోయేసరికి బరువు 30 నుండి 50 శాతం వరకు తగ్గవచ్చు. ఎండిన చెమటలో ప్రధానంగా పొటాషియం లవణాలు ఉంటాయి. ఇవి చల్లని నీటిలోనే కరుగుతాయి. జిడ్డు సంగతి వేరు. వాడుకలో దానిని కొవ్వు అన్నప్పటికీ రసాయనికంగా అది మైనం. అందులో గ్లిసరాల్ లేదు. కనుక నూనె క్షారంతో కలిసి సబ్బు అయినంత సులభంగా ఇది సబ్బుగా మారదు. సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కాబట్టి, అంతకంటే వేడిగా ఉన్న సబ్బునీటిలో సూక్ష్మ బిందువులుగా విడగొట్టి తొలగించాలి.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఉన్ని పోగు ఉపరితలంపై చేప పొలుసుల వంటి పొలుసులు ఉంటాయి. వేడి నీటిలో, సబ్బుతో, అటూ ఇటూ నలిపితే ఆ పొలుసులు ఒకదానికొకటి పట్టుకొని ఉన్ని అట్టకట్టిపోతుంది. క్షారం ఎక్కువైతే పసుపుబారి పెళుసెక్కుతుంది. బట్టలు ఉతికినట్లు బాది ఉతకడానికి వీలులేదు.

యంత్రాలకు పూర్వం

ప్రాచీన రోమనులు నిల్వ ఉంచిన మూత్రాన్ని ఉన్నిబట్టలు శుభ్రపరచడానికి వాడేవారు. అందులో ఏర్పడే అమ్మోనియా జిడ్డును విడదీస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయి నగరంలో ఇటువంటి పనివారి తొట్లు బయల్పడ్డాయి. ఇంగ్లండులో సైతం ఈ అలవాటు పారిశ్రామిక యుగం వరకు కొనసాగినది. మన ఇళ్ళలో పెద్దలు ఉన్ని శాలువలకు, పట్టుబట్టలకు కుంకుడుకాయల రసమే వాడడం ఊరికే కాదు. క్షారం లేకుండానే నురుగునిచ్చి జిడ్డును విడదీసే సపోనిన్లు అందులో ఉన్నాయి.

లెవియతాన్

బెల్జియంలోని వెర్వియే పట్టణానికి చెందిన యూజీన్ మెలెన్ 1863లో రూపొందించిన యంత్రానికి లెవియతాన్ అని పేరు వచ్చినది. బైబిల్లోని ఒక మహా జలచరం పేరు అది. యంత్రం పొడవు చూసినవారికి ఆ పేరు వింతగా తోచదు. వరుసగా అమర్చిన తొట్లే దీని శరీరం. ప్రతి తొట్టిలోను చిల్లుల అడుగు ఒకటి ఉంటుంది. మట్టి దాని గుండా కిందికి దిగుతుంది. పైనుండి ముళ్ళకర్రల వంటి పళ్ళు నెమ్మదిగా ఉన్నిని ముందుకు నెడతాయి. పూర్వం పనివాడు కర్రతో తొట్టిలోని ఉన్నిని మెల్లగా కదిపిన తీరునే యంత్రం అనుకరించినది. తొట్టి చివర రెండు రోలర్లు ఉన్నిని పిండి తరువాతి తొట్టికి పంపుతాయి.

ఈ పద్ధతిలో అసలు తెలివి నీటి నడకలో ఉన్నది. ఉన్ని ముందుకు పోతుంటే నీరు వెనుకకు వస్తుంది. అందువలన మిక్కిలి మురికిగా ఉన్న ఉన్నికి వాడిన నీరు, దాదాపు శుభ్రమైన ఉన్నికి తేట నీరు దక్కుతాయి. సబ్బు, నీరు రెండూ ఆదా అవుతాయి. నేటి యంత్రాలలోనూ ఈ సూత్రం నిలిచి ఉన్నది.

నదుల మీద ప్రభావం

వెర్వియే పరిశ్రమకు వెస్ద్రే నది మెత్తని నీరే ఆధారం. అవసరాలు పెరిగి నీరు చాలక 1878లో జిలెప్ ఆనకట్టను ప్రారంభించారు. ఇంగ్లండులోని ఉన్ని నగరం బ్రాడ్‌ఫర్డ్‌లో పట్టణ మురుగుతో పాటు మిల్లుల వ్యర్థాలు చేరి దుర్గంధభరితమైన కాలువను 1867లో మూసివేయవలసి వచ్చినది. మనిషి చేతితో కడిగిన కాలంలోనూ ఈ మురికి ఏటిలోకే పోయేది. యంత్రం దానిని ఒకేచోట పోగుచేసినది.

కడిగిన నీటిలోని జిడ్డుకు విలువ ఉన్నదని తరువాత గుర్తించారు. 1882లో జర్మనీకి చెందిన ఒట్టో బ్రౌన్, ఆస్కార్ లీబ్రైఖ్ దానిని శుద్ధిచేసే విధానానికి పేటెంటు పొందారు. అదే లానొలిన్, లాటిన్‌లో లానా అంటే ఉన్ని. బ్రాడ్‌ఫర్డ్ నగరపాలక సంస్థ 20వ శతాబ్దంలో ఎషోల్ట్ వద్ద మురుగునీటికి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి జిడ్డును వేరుచేసినది. లేపనాలకే గాక, విటమిన్ డి3 తయారీకి కావలసిన కొలెస్టెరాల్ కూడా నేడు దీనినుండే ఎక్కువగా లభిస్తున్నది.

తెలుగు ప్రాంతాలలో

భారతదేశంలో 1876లో కాన్పూరులోను, 1880లో పంజాబులోని ధారీవాల్‌లోను ఉన్ని మిల్లులు ఏర్పడ్డాయి. తెలుగు ప్రాంతాలలో ఉన్నిపని చేతివృత్తిగానే నిలిచినది. ఏలూరు తివాచీలు, తెలంగాణ కురుమల, రాయలసీమ కురుబల గొంగళ్ళు ఇందుకు ఉదాహరణలు. రాంబిల్లి వంటి తీరమండలాల పాఠకులకు ఈ వృత్తి అంతగా పరిచయం ఉండకపోవచ్చు. కోస్తాలో ప్రసిద్ధమైన నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి.

గొంగడికి దక్కనీ జాతి గొర్రె ఉన్ని వాడతారు. ఈ ముతక ఉన్నిలో మెరినోతో పోలిస్తే జిడ్డు చాలా తక్కువ. అందుచేత గొర్రెను చెరువులోనో వాగులోనో కడిగి, ఆరిన తరువాత ఉన్ని కత్తిరిస్తారు. యంత్రం తొట్టిలో చేసే పనిలో ఎక్కువ భాగం గొర్రె ఒంటిమీదనే పూర్తవుతుంది. నేతలో పోగులకు చింతగింజల గంజి పెడతారు. నల్ల గొర్రె ఉన్నికి రంగు అద్దకం కూడా అక్కరలేదు.

మిల్లు కంబళ్ళు, కృత్రిమ నూలు దుప్పట్లు చౌకగా దొరకడంతో ఈ ఉన్నికి గిరాకీ తగ్గినది. మాంసం కొరకు దక్కనీ మందలలో నెల్లూరు పొట్టేళ్ళను కలపడంతో అనేకచోట్ల పుట్టే పిల్లలకు ఉన్నియే లేకుండా పోతున్నది.