ఆహ్వానం సరే, పోయిన కూలి ఎవరిస్తారు?: ఇంగ్లండ్, వేల్స్ చారిటీలలో ట్రస్టీల ఎంపిక

ఇంగ్లండ్, వేల్స్‌లలోని చారిటీలకు భిన్న నేపథ్యాల వారు ట్రస్టీలుగా రావాలని అక్కడి చారిటీ కమిషన్ చాలాకాలంగా కోరుతోంది. ఏటా నవంబరులో ట్రస్టీల వారోత్సవం కూడా జరుగుతుంది. ఈ ప్రచారమంతా బయట ఉన్నవారిని ఉద్దేశించినదే. లోపల ఉన్నవారి ఎంపిక అలవాట్లు, ఆ పదవికి చట్టం పెట్టిన షరతులు మారనంతకాలం దానివల్ల ఒరిగేది స్వల్పమని ఈ వ్యాసం వాదిస్తుంది.

2017 నవంబరులో కమిషన్ వెలువరించిన ‘టేకెన్ ఆన్ ట్రస్ట్’ అధ్యయనం ఈ చర్చకు ముఖ్యమైన ఆధారం. అందులోని అంచనా ప్రకారం ట్రస్టీలు సుమారు 7 లక్షల మంది. వారిలో 92 శాతం శ్వేతజాతీయులు. ఒక స్త్రీకి ఇద్దరు పురుషుల చొప్పున ఉన్నారు. అధ్యక్షుల్లో 71 శాతం, కోశాధికారుల్లో 68 శాతం మగవారే. సగం మందికి పైగా ఉద్యోగ విరమణ చేసినవారు. ఈ అంకెలను అందరూ ఉటంకిస్తారు. అదే నివేదికలోని మరో సంగతి మీద మాత్రం అంత చర్చ జరగలేదు: పదిమందిలో దాదాపు ఏడుగురు పరిచయాల ద్వారానే ట్రస్టీలయ్యారు. తెలిసినవారిని పిలుచుకునే మండలిలో కొత్తగా చేరేవారు పాతవారిలాగే ఉంటారు. అందుకు ఎవరికీ దురుద్దేశం ఉండనక్కర్లేదు. చట్టం, డిజిటల్, నిధుల సేకరణ రంగాల్లో తమ మండళ్లకు నైపుణ్యం చాలడం లేదని చెప్పింది కూడా ఈ ట్రస్టీలే. 2020లో సవరించిన చారిటీ గవర్నెన్స్ కోడ్ వైవిధ్యానికి పెద్దపీట వేసింది గాని, దాన్ని పాటించడం సంస్థల ఇష్టం.

తెలుగునాట ఇదే ప్రశ్నను చట్టంతో పరిష్కరించబోయారు. 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని రద్దు చేసింది. 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిట్టి కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే, వ్యవస్థాపక కుటుంబానికి మండలిలో చోటు నిలిపింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఆలయ పాలకమండళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సగం స్థానాలు, మహిళలకు సగం స్థానాలు కేటాయించింది. కూర్చునేవారు మారారు. కానీ నామినేటెడ్ పదవికి సిఫారసు ఎలా నడుస్తుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పాలా? అక్కడ క్లబ్బు పరిచయం, ఇక్కడ పార్టీ పరిచయం.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ట్రస్టీ పదవికి సాధారణంగా జీతం ఉండదు. ప్రయాణ ఖర్చులు, సమావేశానికి వచ్చినప్పుడు పిల్లల్ని చూసుకునేవారికి ఇచ్చిన సొమ్ము ఖర్చుల కిందే వస్తాయి కనుక తిరిగి ఇవ్వవచ్చు. సమావేశం కోసం షిఫ్టు మానుకున్నవారు పోగొట్టుకున్న కూలి ఇస్తే మాత్రం కమిషన్ మార్గదర్శకాల ప్రకారం అది ‘చెల్లింపు’ అవుతుంది. దానికి ప్రత్యేక అధికారం కావాలి. పింఛనుదారుకు ఈ తేడా పట్టదు. గంటల లెక్కన పనిచేసే గిడ్డంగి కార్మికురాలికి అది వారం ఇంటి సరుకులు. ఆమె అనుభవం కావాలంటూనే, ఆ అనుభవాన్నిచ్చిన పేదరికం ఆమెను గడప దాటనివ్వని ఏర్పాటు ఇది. 1996 ఉపాధి హక్కుల చట్టం 50వ సెక్షన్ మేజిస్ట్రేట్లకు, స్థానిక కౌన్సిలర్లకు ప్రజావిధుల కోసం సహేతుకమైన సెలవు పొందే హక్కు ఇస్తుంది. చారిటీ ట్రస్టీ ఆ జాబితాలో లేరు.

మరో అడ్డు శిక్షా చరిత్ర. కొన్ని నేరాలకు శిక్ష పడి, చట్టం నిర్దేశించిన కాలం ముగియనివారు ట్రస్టీలు కాలేరు. 2018 ఆగస్టు 1 నుంచి ఆ జాబితా ఇంకా పెరిగింది. జైలు నుంచి వచ్చినవారికి ఆసరాగా నిలిచే సంస్థలు వారిలో ఒకరిని మండలిలోకి తీసుకోవాలనుకుంటే, కొన్ని సందర్భాల్లో ముందుగా మినహాయింపు కోసం దరఖాస్తు చేయించాలి. నిధుల భద్రతకు నిషేధం అవసరమే. ఆ దరఖాస్తు నింపడంలో తోడుండే బాధ్యత మాత్రం పిలుస్తున్న మండలిదే కావాలి.

50వ సెక్షన్‌లో ట్రస్టీలను చేర్చడం చిన్న సవరణే. అయితే ఆ సెక్షన్ ఇచ్చేది జీతం లేని సెలవు. కూలి నష్టాన్ని ఖర్చుగా గుర్తించే మార్పు దానికి తోడైతేనే, గంటల పని చేసేవారికి ఆ సెలవు అక్కరకొస్తుంది.