ఫైబర్ పడవ దేహం: నిర్మాణం, క్షయం, మరమ్మతు

పడవ దేహాన్ని గాజు నారతో పోతపోసే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో రూపుదిద్దుకుంది. 1938లో ఏర్పడిన ఓవెన్స్ కార్నింగ్ సంస్థ గాజు పోగులను పెద్ద ఎత్తున తయారుచేయసాగింది. మామూలు ఉష్ణోగ్రతలోనే గట్టిపడే పాలియెస్టర్ రెజిన్ అనే ద్రవ జిగురు వాటికి తోడు కావడంతో, 1942లో ఒహాయో రాష్ట్రానికి చెందిన రే గ్రీన్ ఆ రెండింటినీ కలిపి ఒక చిన్న పడవను నిర్మించాడు. అచ్చు లోపల ముందుగా జెల్‌కోట్ అనే రంగు రెజిన్ పూతను పూసి, దానిపై గాజు నార చాపలను రెజిన్‌తో తడుపుతూ పొరలుగా పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తే అతుకులు లేని దేహం ఒక్క ముక్కగా చేతికి వస్తుంది.

ఈ పదార్థం బలమెంతో అనుభవంలో తేలని తొలితరం నిర్మాతలు గోడను అవసరానికి మించిన మందంతో వేశారు. 1959లో వెలువడిన 28 అడుగుల పియర్సన్ ట్రైటన్ తెరచాప పడవలు నేటికీ నీటిపై తిరుగుతున్నాయంటే ఆ జాగ్రత్తే ముఖ్య కారణం. అయితే చెదలు పట్టదు, కుళ్లదు కనుక ఫైబర్‌కు చావు లేదన్న నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. నీటి అడుగున ఉండే భాగంపై బొబ్బలు లేవడం కనిపించింది. 1980లలో అమెరికా తీరరక్షక దళం కోసం రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం దీని కారణాలను పరిశోధించింది. జెల్‌కోట్ గుండా అతి నెమ్మదిగా లోపలికి చేరిన నీరు రెజిన్‌లో మిగిలిపోయిన కరిగే పదార్థాలతో కలిసి గాఢమైన ద్రావణమవుతుంది. ఆ గాఢత మరింత నీటిని లాగుతుంది. ఒత్తిడి పెరిగి పూత ఉబ్బుతుంది. బొబ్బను చిదిమితే ఘాటైన, పుల్లటి వాసనగల ద్రవం చిమ్ముతుంది. ఉప్పునీటిలో కన్నా మంచినీటిలో ఈ బెడద ఎక్కువ.

పాత దేహాన్ని పునరుద్ధరించేవారు మొదట చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి వింటారు. గట్టి చోట శబ్దం ఖణేల్మంటుంది, పొరలు విడిపోయిన చోట బోలుగా పలుకుతుంది. చెడిన భాగాన్ని తొలగించాక, రంధ్రం అంచులను మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీస్తారు, అంటే సెంటీమీటరు మందపు గోడకు చుట్టూ పన్నెండు సెంటీమీటర్లు. ఎప్పుడో గట్టిపడిన పాలియెస్టర్ కొత్త రెజిన్‌తో రసాయనికంగా ఏకం కాలేదు. అతుకు నిలిచేది కేవలం అంటుకునే శక్తి మీదే గనుక, ఆ శక్తి ఎక్కువగా ఉన్న ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌ను నిపుణులు ఎంచుకుంటారు. దేహం పూర్తిగా ఆరకముందే పూత వేస్తే శ్రమంతా వృథా.

ఆంధ్ర తీరానికి ఈ పదార్థం ఆలస్యంగా వచ్చింది. దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప, పలకలతో చేసిన కాకినాడ నావ అంతవరకు ఇక్కడి మత్స్యకారుల వాహనాలు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం అనే మత్స్యాభివృద్ధి పథకం కింద, అలలను దాటి ఇసుకపైకి చేరగల ఫైబర్ పడవల నమూనాలు తయారయ్యాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఫైబర్ పడవల సంఖ్య మరింత పెరిగింది. వేట ముగిశాక ఒడ్డెక్కి ఆరే పడవకు బొబ్బల భయం తక్కువ. దాన్ని తినేది ఇసుక రాపిడి, అలలు ఎత్తి కుదేసే దెబ్బ. అందుకే ఇక్కడి మరమ్మతు ప్రధానంగా అడుగు దూలం చుట్టూనే సాగుతుంది. ఆ చోట అరిగిన పొరలకు బదులు కొత్త నార చాపలు వేస్తారు.

పాత తెప్ప దుంగ చివరికి పొయ్యిలోకైనా పనికొచ్చేది. ఫైబర్ ముక్క మట్టిలో కలవదు, కాల్చితే విషపు పొగ వదులుతుంది. కాబట్టి ఉన్న పడవ ఆయుష్షు పెంచడమే తీరానికి మేలు. గాజు ధూళి మధ్య పనిచేసే మరమ్మతుదారులకు ముక్కుకు ముసుగు, మేలైన రెజిన్, సక్రమమైన శిక్షణ అందించే బాధ్యతను మత్స్యశాఖ తీసుకోవాలి.